పేరు తీసేసిన మాట

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డెక్కాక, ఒక మధ్యాహ్నం నేను మా అమ్మ ముందు ఫోను పెట్టి కూర్చున్నాను.

"దీన్ని పైలట్ అంటారమ్మా. అసలు ఇంటర్వ్యూలు మొదలెట్టే ముందు, ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకరి మీద పరీక్ష పెట్టి చూసుకోవాలి."

"నా మీదేటి పరీచ్చ? నాను బడి గుమ్మం తొక్కనేదు" అంది అమ్మ, ఎండుచేపల్లోంచి ఇసుక దులుపుతూ.

"ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు."

"అలాగైతే అడుగు. ఇన్నాల్టికి నీ సదువుకి పనికొచ్చినాను."

మాది ఉద్దానం తీరంలో, సరుగుడు తోటలు దాటాక వచ్చే మత్స్యకారుల పేట. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే. ఎం.ఏ. కమ్యూనికేషన్ పూర్తవ్వాలంటే చివర్లో ఒక డిసర్టేషన్ రాయాలి. తుఫాను హెచ్చరికలు మత్స్యకారులకు ఎలా అందుతాయి, అందాక ఎవరి మాట నమ్మి కదులుతారు అన్నది నా అంశం. నిషేధం రోజుల్లో మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఆ వేసవిలోనే అందరినీ అడిగి, వానలకు ముందే రాసిచ్చేస్తే నా డిగ్రీ చేతికొస్తుంది. లేకపోతే ఏడాది పోతుంది.

అమ్మని తిత్లీ తుఫాను గురించి అడిగాను. అమ్మ చేపలు పక్కన పెట్టేసింది.

"మైకులో సెప్పినారు, సెల్లులకీ ఒచ్చినాది. ఎవులూ లెక్కసెయ్యనేదు. పొద్దుగూకీ ఏలకి మీ నాన్న సముద్రం ఏపు సూసొచ్చి, లెగండి అన్నాడు. అంతే, పేటంతా లెగిసిపోనాది. నాను బియ్యం మర్సిపోనాను, గొలుసు మర్సిపోనాను, నల్లకోడిని మటుకు కొంగులో కట్టుకుని షెల్టరుకెల్నాను. అది అక్కడ గుడ్డెట్టినాది. ఆ గుడ్డు ఎవులికి సెందాలని తెల్లార్లూ తగువు."

చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి షెల్టర్లో అమ్మ మోకాలి మీద తలపెట్టి పడుకున్నది నేనే కదా. ప్రశ్నలు పనిచేస్తున్నాయని సంతోషించి, 'పైలట్' అని పేరు పెట్టి ఆ రికార్డింగుని పక్కన దాచాను. పైలట్‌లో వచ్చిన జవాబుల్ని అసలు డేటాలో కలపకూడదని క్లాసులో చెప్పారు.

ఆ తర్వాత ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ల దగ్గరా, ఇళ్ల దగ్గర ఆడవాళ్ల దగ్గరా తిరిగాను. నలభై మందిని అడిగాను. హెచ్చరిక వస్తే ఏం చేస్తారన్న ప్రశ్న దగ్గరికి రాగానే అందరూ ఒకే మాట చెప్పారు.

"మాకు కబురందదు. అందినా మావు ఊరొదిలి ఎక్కడికీ ఎల్లం."

మొదట ఇద్దరు ముగ్గురు అన్నప్పుడు పట్టించుకోలేదు. పదిమంది దాటాక, వాళ్లు నా మొహం కాకుండా ఫోను వంక చూసి చెబుతున్నారని గమనించాను. మా మేనబావ చిరంజీవి అయితే, చెప్పేశాక "సరిగ్గా సెప్పినానా?" అని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు వాడి డొక్కలో పొడిచాడు. అడగబోతే, "నీ రికార్డింగేదో నువ్వు సేసుకోయే" అని లేచిపోయాడు.

అందరికంటే ఆఖర్న మా నాన్నని అడిగాను. మా నాన్న సన్యాసిరావు ఊరి పెద్దల్లో ఒకడు. తిత్లీ రోజు పేటని లేపిందే ఆయన. వల మీంచి తలెత్తకుండా, అప్పజెప్పినట్టు, అదే మాట అన్నాడు. గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పరిశోధకురాలు తనకు ముందే తెలిసినదాన్ని డేటాలో కలపకూడదు, జవాబు చెప్పేవాళ్లని సరిదిద్దకూడదు అని క్లాసులో రాజకుమారి మేడం పదేపదే చెప్పింది. చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. కానీ ఆ పూట నాన్న పక్కన కూర్చుని అన్నం తింటుంటే, ఎవరింట్లోనో తింటున్నట్టు అనిపించింది.

*

రాజకుమారి మేడం నా గైడ్. సెలవుల్లో టెక్కలిలో వాళ్లింటికే రమ్మంటుంది. పెద్ద భూములున్న కుటుంబం. వీధి వసారాలో ఆమె అన్నగారు జయకృష్ణ కోసం మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ల చేతుల్లో చుట్టచుట్టిన మ్యాపులు. నేను పక్క గుమ్మంలోంచి మేడం గదిలోకి వెళ్లాను.

ఆమె నా కాగితాలు ముందే చదివేసింది.

"నలభై మంది ఒకే వాక్యం ఇలా చెప్పరు బేబీ. నువ్వు ముగ్గురిని అడిగి, మిగతావి ఇంట్లో కూర్చుని రాసుకున్నావు."

"లేదు మేడం. రికార్డింగులున్నాయి."

"వినిపించు."

అయిదారు వినిపించాను. ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"గొంతులు వేరే. అయితే నువ్వే చెప్పించావు. మీ ఊరే కదా."

"నేను చెప్పించలేదు మేడం. పైలట్‌లో ఇలా రాలేదు కూడా" అన్నాను. నా మాట నిజమని చూపించుకోవాలన్న తొందరలో అమ్మ రికార్డింగు వినిపించేశాను.

కోడి దగ్గర నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ముందుకు వంగి, మళ్లీ మొదట్నించి పెట్టమంది.

"ఇదీ డేటా అంటే. ఒకావిడ వెళ్లామంటోంది, ఊరంతా వెళ్లం అంటోంది. రెండూ పక్కపక్కన పెట్టు. ఊరు ఎందుకు అబద్ధం చెప్పిందో విశ్లేషించు. అదే నీ చాప్టర్."

"పైలట్ వాడకూడదన్నారు కదా మేడం."

"గైడ్‌గా నేను వాడమంటున్నాను. పేరు తీసెయ్. మత్స్యకార మహిళ, నలభై ఆరేళ్లు అని రాస్తే ఎవరికీ తెలీదు. ఈ చాప్టర్ లేకపోతే మాత్రం నేను సంతకం పెట్టలేను. డేటా తయారుచేశావని పరీక్ష బోర్డులో ఎవరైనా అంటే ఇద్దరం మునుగుతాం." కాగితాలు నావైపు జరిపి, "ఆడియోలన్నీ నాకు పంపించు. ఇవాళే" అంది.

బయటికి వస్తుంటే వసారాలోంచి జయకృష్ణ పలకరించాడు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"మంచి తీరం మీది" అన్నాడు. మ్యాపులు పట్టుకున్నవాళ్లు నావైపు చూశారు.

బస్సెక్కి ఫోను తీశాను. నలభై ఆడియోలూ, వాటితోపాటు పైలటూ, మేడం నంబరుకి పంపడానికి పెట్టాను. చక్రం తిరుగుతోంది. కోటబొమ్మాళి నించి కూలికొచ్చిన ఆడవాళ్లు నా చుట్టూ కూర్చుని ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎందుకో తెలీదు, చక్రం ఆగకముందే రద్దు చేసేశాను.

*

కాశీబుగ్గలో దిగి మా ఊరి ఆటో ఎక్కాను. ఎండుచేపలమ్మి ఖాళీ తట్టతో తిరిగొస్తున్న దాలమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. మా అమ్మకంటే పెద్దది, నాకు వరసకి అత్త.

"ఏటే బేబి, మొకం అలాగున్నాది? మేడం కొట్టినాదా?"

"మీరందరూ చెప్పింది నేనే రాసుకున్నానంటోంది అత్తా."

"మావెందుకు సెప్పినామో నీకు తెల్దా?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

దాలమ్మ తట్టని ఒళ్లోకి లాక్కుంది. డ్రైవరు వింటున్నాడేమోనని చూసి, గొంతు తగ్గించింది.

"సెల్లు ఏదీ?"

"సంచిలో ఉంది."

"ఆపేసి ఉన్నాదా?"

తీసి చూపించాను. అప్పుడు గాని చెప్పలేదు. "ఊరు ఒక మాట అనుకున్నాది. ఎవులు కాయితం అట్టుకుని వచ్చినా అదే మాట సెప్పాల. తప్పినోళ్లకి తప్పు ఏత్తారు, జరిమానా కట్టాల. నీకని కాదులే, అందరికీని. ఆ పైన నన్నడక్కు, మీ నాన్ననడుగు. ఆ మాట కట్టినోడు ఆడే."

*

నాన్న సరుగుడు నీడలో వల చిల్లులు కుడుతున్నాడు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఫోను ఇంట్లోనే వదిలి వచ్చానని ముందే చెప్పాను.

"ఎందుకు చేశావు నాన్నా?"

"ఏటి సేసినాను?"

"నాకు అబద్ధం చెప్పావు. ఊరందరి చేతా చెప్పించావు."

దారం పళ్లతో తెంపాడు. "నువ్వు మీ అమ్మని అడిగినావు గదా. మీ అమ్మ సంబరం ఆగక నాలుగిళ్లలో సెప్పినాది, మా బేబి ఇలా అడుగుతంది, తుఫానొత్తే ఊరొదిలెల్తారా అనడుగుతంది అని. అక్కడ మొదలైనాది. తీరం పొడుగునా ఏదో వత్తాదంటన్నారు. రేవంటారు, ఇసక కంపినీ అంటారు. ఎవులికీ సరిగ్గా తెల్దు. మొన్న తుఫానుకి లెగిసెల్లినోళ్లని రేపు కంపినీకి లేపడానికెంతసేపు అన్నారు. మీటింగెట్టినారు. అప్పుడు నన్నడిగినారు. నీ కూతురు రాసిన కాయితం ఎవుల కాడుంతాదీ, ఎవులు సదువుతారూ అని. నాకు తెల్దు. నీకు తెల్సా?"

"లైబ్రరీలో ఉంటుంది. నెట్‌లో కూడా పెడతారు."

"నెట్‌లో ఎవులైనా సూత్తారా?"

"చూడొచ్చు."

"అదీ."

సమ్మతి ఫారంలో 'మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి' అని నేనే రాసి, నేనే చదివి వినిపించాను. దాన్ని వాళ్లు నాకంటే జాగ్రత్తగా విన్నారు.

"నేను నీ కూతుర్ని" అన్నాను.

"అందుకే మాట నానే కట్టవలసొచ్చినాది. నాను గమ్మునుంటే, కూతురని కాపాడుకుంటన్నాడు అందురు." సూదిలో మళ్లీ దారం ఎక్కించుకున్నాడు. "మీ మేడం ఎవుల సెల్లెలో తెల్సా? జయకృష్ణ సెల్లెలు. ఆడు మొన్న ఇక్కడ కారు దిగి తోటలన్నీ తిరిగెల్నాడు."

"మేడం అలాంటిది కాదు."

"కాకపోవచ్చు" అన్నాడు నాన్న. ఇంకో చిల్లు కుట్టాక, "నీ సదువు పోతే నాకూ బాదే గదే. ఒక పని సెయ్యి. రాసింది రాసినట్టు ఊళ్లో సదువు. ఊరు సరే అంటే ఎవులికిచ్చుకున్నా ఇచ్చుకో" అన్నాడు.

పుస్తకాల్లో దీనికీ ఒక పేరుంది. రాసినదాన్ని, చెప్పినవాళ్లకే చూపించి సరిచూసుకోవడం. నాన్న అది ఏ పుస్తకమూ చదవకుండా అడిగాడు. నాకు ధైర్యం వచ్చింది. మేడం చెప్పిన చాప్టర్ రాశాను. ఊరి పేరు తీసేశాను, అమ్మ పేరు తీసేశాను. ఇంక ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ రోజుల్లో అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టి, తెరమీద అక్షరాలు చూసి వెళ్లిపోయేది. అందులో తన మాటలున్నాయని నేను చెప్పలేదు, తనూ అడగలేదు.

*

మా ఊరి మీటింగులు తుఫాను షెల్టరు కింద హాల్లోనే జరుగుతాయి. పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో, మగవాళ్లు నేలమీద, ఆడవాళ్లు వెనక గోడవార. నాన్న కుర్చీల్లో ఉన్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరవగానే చిరంజీవి తన ఫోను నా ముందు పెట్టాడు.

"నువ్వు మావి రికార్డు సేసినావు గదా. ఇప్పుడు నీది. నీకు సమ్మతమేనా?"

అందరూ నవ్వారు. సమ్మతమే అన్నాను. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పుకుంటూ చదివాను.

"పరిశోధకురాలు మే నెలలో గ్రామాన్ని సందర్శించింది..."

"ఎవులే ఆ పరిశోదకురాలు? మనూరెప్పుడొచ్చినాది?" అంది దాలమ్మ.

"నేనే అత్తా."

"మరి నాను అని రాసుకోవే. నీ ఊరు నువ్వు సందర్శించడమేటి?"

"నేను అని రాయకూడదట."

ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారో చెప్పే భాగంలో పేర్లూ సంవత్సరాలూ చదువుతుంటే చిరంజీవి ఆపాడు. "ఇయన్నీ ఎవుల పేర్లు?"

"ఈ విషయం మీద ముందు రాసినవాళ్లు. వాళ్ల మాట వాడుకుంటే పేరు చెప్పి తీరాలి."

"మరి మావు?"

"మీకు నంబర్లు. నువ్వు సమాధానదాత పద్నాలుగు."

"ఆ దొరలకి పేర్లూ, మాకు నంబర్లూనా. సేనా బాగున్నాది."

నవ్వుల మధ్య నేను ఆ చాప్టర్‌లోకి వచ్చాను. ఒక మత్స్యకార మహిళ, నలభై ఆరు సంవత్సరాలు. ఆమె మాటల్ని మాత్రం తెలుగులోనే ఉంచాను కాబట్టి ఉన్నవి ఉన్నట్టు చదివాను. బియ్యం మర్సిపోనాను, గొలుసు మర్సిపోనాను, నల్లకోడిని మటుకు కొంగులో కట్టుకుని...

"మంగమ్మప్ప కోడి" అన్నారెవరో వెనకనించి, అమ్మ పేరు పట్టుకుని.

హాలంతా గొల్లుమంది. గుడ్డెట్టింది ఈ మూలనే అని ఒకరు, ఆ గుడ్డు ఆఖరికి తిన్నది నువ్వే కదా అని ఇంకొకరు. నేను కూడా నవ్వుతున్నాను. కుర్చీల్లో మాత్రం ఎవరూ నవ్వడం లేదు. ఆ నిశ్శబ్దం ముందు వరస నించి మొదలై వెనక్కి పాకింది. గోడవార ఆడవాళ్ల దాకా వెళ్లాక హాల్లో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

పేరు తీసేస్తే ఎవరికీ తెలీదని మేడం అంది. మా ఊళ్లో మనిషిని గుర్తుపట్టడానికి పేరుతో పనిలేదని ఆమెకి తెలీదు. నాకు తెలిసి ఉండాలి.

పెద్దల్లో ఢిల్లీరావు తాత అడిగాడు. "సన్నాసిరావూ, ఇది ఎప్పుటి మాట?"

"అడిగినాదని తెల్సు. కాయితంలో ఎట్టినాదని నాకు తెల్దు" అన్నాడు నాన్న.

"నీ ఇంట్లో మాట నీకు తెల్దా? మాకందరికీ ఒక మాట కట్టి, నీ ఇంటోళ్ల సేత ఇంకో మాట సెప్పించినావా?"

"తాతా, అది మీరు మాట కట్టకముందుది. పైలట్" అన్నాను.

"పైలట్టంటే ఏటి?"

చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. నేను చెబుతూ ఉండగానే నాన్న కుర్చీలోంచి లేచాడు. తుండు దులుపుకుని, వచ్చి నేలమీద మగవాళ్ల మధ్య కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ లేవమనలేదు. కూర్చోమని కూడా అనలేదు.

అప్పుడు గోడవార అమ్మ మాట్లాడింది. మీటింగులో ఆడవాళ్లు లేచి మాట్లాడటం అరుదు. అమ్మ లేవలేదు కూడా.

"నా కూతురు అడిగితే నా కూతురికి సెప్పినాను. ఆ మేడం నన్నడగనేదు. తీసెయ్యే."

అందరూ చూస్తుండగా, ఆ చాప్టర్ మొత్తం తీసేశాను. చిరంజీవి తన ఫోను అందుకుని రికార్డింగు ఆపాడు.

*

మేడం నా కాగితాల్లో ఆ చాప్టర్ కోసం వెతికింది. దాని స్థానంలో ఒక్క పేరానే ఉంది. నలభై జవాబులూ ఒక్కలాగే ఉన్నాయని, కారణం తనకు తెలుసని, ఇక్కడ రాయడం లేదని పరిశోధకురాలు చెబుతోంది.

"తెలుసని రాసి, రాయనంటే ఎలా? ఇలాంటి వాక్యం ఏ పరిశోధనలోనైనా చూశావా?"

"లేదు మేడం."

"తెలీదని రాయి, కనీసం."

"తెలుసు మేడం."

"పోనీ ఆ ఆడియో ఇవ్వు. నేను చూసుకుంటాను."

"అది వాడుకోమని ఆవిడ చెప్పలేదు మేడం."

"ఆవిడెవరు, మీ అమ్మే కదా?"

ఆమెకి నేను చెప్పలేదు. ఎలా తెలిసిందో తెలీదు. రికార్డింగులో నా నవ్వు విని పోల్చుకుందేమో, మరొకరెవరైనా చెప్పారేమో. ఆమె కిటికీలోంచి వసారా వైపు చూసి, తలుపు కాస్త ఓరగా వేసి వచ్చింది.

"మా అన్నయ్య గురించి మీ ఊళ్లో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నువ్వూ అదే అనుకుంటున్నావా?"

"నాకు తెలీదు మేడం" అన్నాను. అది నిజం. ఇప్పటికీ తెలీదు. చదువు కోసమే అడిగిందో, ఇంకెవరి కోసమైనా అడిగిందో, తలుపు వేసింది నా కోసమో వాళ్లన్నయ్య కోసమో తేల్చుకోలేకపోయాను.

ఆమె పెన్నుకి మూత పెట్టింది. "వచ్చే ఏడాది కొత్త అంశంతో రిజిస్టర్ చేసుకో" అంది.

నేను ఇంటికి వచ్చేసరికి నిషేధం ముగిసి బోట్లు దిగాయి. నాన్న కూడా వెళ్లాడు. పెద్దల బోటు మీద కాదు, చిరంజీవి వాళ్ల దాని మీద. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"సంతకం ఎట్టినాదా?"

"లేదమ్మా."

"ఏడు పోనాదా?"

"పోయింది."

"మీ నాన్నకి పెద్దరికం పోనాది. నీకు ఏడు పోనాది." చేట ఒకసారి కుదిపింది. "ఊరంతా వొచ్చి మీ నాన్నని పలకరించెల్నారు. నిన్నూ పలకరిత్తారు. నాకేటి పోనాదో ఒకలూ అడగనేదు."

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. నా దగ్గర ప్రశ్నాపత్రం లేదు.

"నీకేం పోయిందమ్మా?"

అమ్మ నా చేతుల వంక చూసింది. ఫోను ఉన్న నా సంచి వంక చూసింది. చూసి, మళ్లీ బియ్యంలోకి తల వంచుకుంది. నేను అక్కడే కూర్చున్నాను. చేటలో బియ్యం అయిపోయింది, ఇంకో దోసెడు పోసుకుంది.

అమ్మ చెప్పలేదు.